హెడ్‌లైటు: పాఠంలో చెప్పని సగం

ఉన్నత పాఠశాలలో కాంతి పాఠం చదివిన ప్రతివారికీ ఒక సంగతి కంఠతా వచ్చి ఉంటుంది. మోటారు వాహనాల హెడ్‌లైట్లలో పుటాకార దర్పణం ఉంటుందనీ, దాని నాభివద్ద ఉన్న దీపంనుంచి బయలుదేరిన కిరణాలు పరావర్తనం చెంది సమాంతర పుంజంగా ముందుకు పోతవనీ మనం చెబుతాం. విద్యార్థి రాస్తాడు. మార్కు పడుతుంది. పాఠం ముందుకు సాగిపోతుంది.

ఈ మాటలో తప్పేమీ లేదు. కాని ఇది సగం మాత్రమే. చెప్పకుండా వదిలిన రెండవ సగమే రాత్రివేళ రోడ్డు మీద ప్రాణాలు కాపాడేది. ఈ వ్యాసంలో నేను విమర్శించదలచింది ఆ సగం పాఠాన్ని, దానితోపాటు ఆ సగం పాఠం మనలో పెంచిన ఒక నమ్మకాన్ని. బల్బు ఎంత పెద్దదైతే రాత్రి ప్రయాణం అంత క్షేమం అన్నదే ఆ నమ్మకం.

మంగంపేట దారిలో

మా బావమరిది మంగంపేట ముగ్గురాయి గనులలో పనిచేస్తాడు. ప్రపంచంలోని అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటి అక్కడ ఉన్నదని పాఠకులకు తెలిసే ఉంటుంది. రసాయనికంగా ముగ్గురాయి బేరియం సల్ఫేటు. నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైన ఈ రాయిని పొడిచేసి నూనెబావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు. అందుచేత ఆ ప్రాంతపు రోడ్లమీద బరువు లారీలకు పగలు రాత్రి తేడా లేదు. కడపనుంచి రాజంపేట, కోడూరుల మీదుగా రేణిగుంటకు పోయే 716వ నంబరు జాతీయ రహదారి వాటికి ముఖ్యమైన దారి.

మావాడు ఒక పాత కారు కొన్నాడు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేటప్పుడు దారి సరిగా కనిపించడంలేదని, ఒక దుకాణంలో 100/90 వాట్ల బల్బులు కొని వేయించుకొన్నాడు. కారుతో వచ్చినవి 60/55 వాట్లవి. ఆ వారం నేను అతనితో ప్రయాణం చేశాను. "బావా, పగలు మాదిరి ఉంది చూడు!" అన్నాడు. నిజమే, కారు ముందున్న తారు తళతళలాడుతున్నది. ఐతే పది నిమిషాలు గడిచేసరికి ఎదురుగా వచ్చిన లారీ రెండుసార్లు లైట్లు ఆర్పి వెలిగించి మమ్మల్ని హెచ్చరించింది. మావాడు అప్పటికే డిమ్‌లో ఉన్నాడు, ఇంకేం తగ్గిస్తాడు? లారీ డ్రైవరు కోపంతో ఫుల్ లైటు వేశాడు. ఆ వెలుతురులో మాకు రోడ్డే లేకుండా పోయింది. లారీ దాటిపోయిన తరువాత, సైకిలు నడిపించుకొంటూ పోతున్న ఒక పెద్దాయన పది గజాల దూరంలో హఠాత్తుగా కనిపించాడు. స్టీరింగు ఒక్క లాగు లాగి తప్పించాడు కాబట్టి సరిపోయింది. ఇంటికి చేరేవరకు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

వెలుగు పెరిగింది, చూపు తరిగింది. ఈ విపరీతం ఎట్లా వచ్చిందో విచారిద్దాం.

ముగ్గురాయి గోళం

బల్బు డబ్బామీద రెండు అంకెలుంటవి. ఒకటి వాట్లు. అది బల్బు తినే విద్యుత్తుకు లెక్క, ఇచ్చే వెలుతురుకు కాదు. రెండవది లూమెన్లు. బల్బునుంచి అన్ని దిక్కులకూ వెలువడే కాంతి మొత్తానికి అది లెక్క.

ఈ లూమెన్లను కొలిచే సాధనం ఒక బోలు గోళం. 1900 ప్రాంతంలో జర్మన్ ఇంజనీరు ఉల్‌బ్రిక్ట్ దీనిని వాడుకలోకి తెచ్చాడు. గోళం లోపలి గోడకు కాంతిని అన్నివైపులకు వెదజల్లే తెల్లని పూత పూస్తారు. బల్బును లోపల వెలిగిస్తే దాని కాంతి ఈ గోడనుంచి ఆ గోడకు అనేకసార్లు పరావర్తనం చెంది, గోళమంతా ఒకే తీరుగా నిండుతుంది. అప్పుడు గోడమీద ఏ ఒక్కచోట కొలిచినా మొత్తం కాంతి తెలిసిపోతుంది. ఈ పూతకు చిరకాలంగా వాడుతూ వచ్చిన పదార్థాలలో బేరియం సల్ఫేటు ఒకటి. అంటే శుద్ధిచేసిన ముగ్గురాయి! మా బావమరిది పగలంతా చూసే రాయే, మరో రూపంలో, అతని బల్బు లూమెన్లను నిర్ణయించే సాధనంలో ఉండవచ్చును.

ఈ గోళం చేసే పని ఏమిటో గమనించండి. కాంతి ఏ దిక్కునుంచి వచ్చిందో దానికి అక్కరలేదు. దిక్కును చెరిపివేసి మొత్తాన్ని మాత్రమే మిగిల్చడమే దాని ప్రజ్ఞ. గదిలో వేలాడే దీపానికి ఈ కొలత చాలు. కాని హెడ్‌లైటుకు ముఖ్యమైనది దిక్కే. రోడ్డుమీదికి పోయే లూమెన్ మనకు మిత్రుడు. ఎదుటివాని కంటిలోకి పోయే లూమెన్ శత్రువు. డబ్బామీది అంకె ఈ ఇద్దరినీ కలిపి లెక్కపెడుతుంది.

ఒక బల్బులో రెండు దీపాలు

మన దేశంలో ఎన్నో కార్లలో ఇప్పటికీ కనిపించే హెచ్4 అనే హేలోజన్ బల్బు 1971లో వచ్చింది. దానిలో రెండు తంతువులుంటవి. ఫుల్ లైటు తంతువు దర్పణపు నాభివద్ద ఉంటుంది. దానికి మన పాఠం సరిగా వర్తిస్తుంది, సమాంతర పుంజం దూరంగా పోతుంది. డిమ్ తంతువు అక్కడ ఉండదు. దానిని నాభికి కొంచెం ముందుకు, అంటే దర్పణానికి మరికొంచెం దూరంగా ఉంచుతారు.

వస్తువు నాభికి ఆవల ఉంటే పరావర్తనం చెందిన కిరణాలు ఏమవుతవి? పదవ తరగతి విద్యార్థి చెప్పగలడు: దగ్గరకు చేరి అక్షాన్ని ఖండిస్తవి. అంటే దర్పణపు పైసగంనుంచి వచ్చే కిరణాలు కిందికి, కిందిసగంనుంచి వచ్చేవి పైకి పోతవి. కిందికి పోయేవి రోడ్డుకు కావాలి. పైకి పోయేవి ఎదుటివాని కళ్లకు పోతవి కనుక పనికిరావు. అందుచేత డిమ్ తంతువు కింద దొప్పవంటి చిన్న లోహపు రేకు అమర్చుతారు. అది దర్పణపు కిందిసగానికి కాంతి చేరకుండా అడ్డుతుంది. ఈ రేకు అంచువల్లనే డిమ్ లైటుకు గోడమీద కత్తితో కోసినట్లు ఒక గీత ఏర్పడుతుంది: గీత కింద వెలుగు, పైన చీకటి. ఎడమవైపు వాహనాలు నడిపే మన దేశంలో ఈ గీత ఎడమభాగం 15 డిగ్రీలు పైకి లేస్తుంది. రోడ్డు ఎడమ అంచున నడిచే మనిషి దూరంనుంచే కనబడాలని ఈ ఏర్పాటు.

దర్పణం, తంతువు, రేకు ఈ మూడింటి పొందికలోనే హెడ్‌లైటు గుట్టు ఉన్నది. పొందిక ఎంత సున్నితమో చిన్న లెక్క చూడండి. దర్పణపు నాభ్యంతరం 25 మి.మీ. అనుకొందాం. తంతువు పైకో కిందికో 1 మి.మీ. జరిగితే కిరణం ఇరవై అయిదింట ఒక వంతు, అంటే సుమారు 2.3 డిగ్రీలు తప్పుతుంది. 50 మీటర్ల దూరం పోయేసరికి ఆ తప్పు 2 మీటర్లవుతుంది. రోడ్డుమీద పడవలసిన కాంతి లారీ డ్రైవరు ముఖంమీద పడటానికి ఒక మిల్లీమీటరు చాలు.

బల్బు జరపలేని గీత

"దారి సరిగా కనిపించడంలేదు" అని మావాడన్న మాటకు అసలు అర్థం ఏమిటి? కారు ముందు ఇరవై మీటర్లలో కనిపించక కాదు, దూరంగా ఉన్నది కనిపించకపోవడం. డిమ్ లైటు ఎంత దూరం చేరుతుందన్నది బల్బు చేతిలో లేదు, జ్యామితి చేతిలో ఉన్నది.

సాధారణంగా కార్లలో డిమ్ గీతను నూటికి ఒక వంతు కిందికి దించి ఉంచుతారు. అంటే 10 మీటర్లు పోయేసరికి 10 సెంటీమీటర్లు దిగుతుంది. దీపం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే గీత సరిగా 70 మీటర్లవద్ద నేలను తాకుతుంది. రోడ్డు నడిమిభాగంలో అంతకుమించి డిమ్ లైటు పడదు. 55 వాట్లు వేసినా, 90 వాట్లు వేసినా, 70 మీటర్లు 70 మీటర్లే. పెద్ద బల్బు ఆ గీతకు ఇవతలి రోడ్డును మరింత తెల్లగా చేస్తుంది. అంత తెల్లని నేలను చూసి చూసి కన్ను ముడుచుకొంటుంది కనుక గీతకు ఆవలి చీకటి మరింత చిక్కనవుతుంది.

ఇక ఆగడానికి కావలసిన దూరం చూద్దాం. ప్రమాదం చూసి బ్రేకుమీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకండు పడుతుందనీ, బ్రేకు వేసిన తరువాత వేగం సెకండుకు సెకండుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనీ అనుకొందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆలోచనకు 25 మీటర్లు, బ్రేకుకు 28 మీటర్లు, మొత్తం 53 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో 33, 49 కలిసి 82 మీటర్లు. డిమ్ లైటు 70 మీటర్లు. అంటే 60లో పోయేవాడు తాను చూడగలిగిన దూరంలో ఆగగలడు. 80లో పోయేవాడు ఆగలేడు. ఈ 12 మీటర్ల లోటును ఏ బల్బూ పూడ్చలేదు. యాక్సిలేటరుమీది పాదమే పూడ్చగలదు.

కంటిలో పడే ముసుగు

ఎదుటి లైటు పడినప్పుడు మనకు కనిపించకపోవడానికి కారణం కన్ను "అలసిపోవడం" ఒక్కటే కాదు. కంటిలోని స్వచ్ఛపటలం, కటకం పూర్తిగా నిర్మలమైనవి కావు. లోపలికి వచ్చిన తీవ్రమైన కాంతిలో కొంత చెదిరి, నేత్రపటలమంతటా పలుచని తెల్లని ముసుగు పరుస్తుంది. హాలడే 1926లో, స్టైల్స్ తరువాత కొద్ది సంవత్సరాలలో దీనికి లెక్క కట్టారు. ముసుగు ప్రకాశం కంటివద్ద పడే లక్సులకు అనులోమంగాను, చూపుకూ దీపానికీ మధ్యనున్న కోణపు వర్గానికి విలోమంగాను ఉంటుంది. కోణం డిగ్రీలలో ఉంటే స్థిరాంకం ఇంచుమించు 10.

ఒక ఉదాహరణ. ఎదుటి కారు 50 మీటర్ల దూరంలో, 3 మీటర్లు పక్కగా వస్తున్నది. కోణం 3.4 డిగ్రీలు. దాని రెండు దీపాలు సక్రమంగా ఉండి ఒక్కొక్కటి మన కంటివైపు 350 కాండెలాలు మాత్రమే పంపితే కంటివద్ద 0.28 లక్సు పడుతుంది. ముసుగు చదరపు మీటరుకు 0.24 కాండెలా. అవే దీపాలు పైకెత్తి ఉండి ఒక్కొక్కటి 10,000 కాండెలాలు పంపితే ముసుగు సుమారు 7కు పెరుగుతుంది, అంటే 28 రెట్లు. ఇంతకూ మనం చూడవలసినది ఏమిటి? ముదురు రంగు బట్టలు కట్టిన మనిషి. అతనిమీద మన లైటు 4 లక్సులు పడి, బట్ట అందులో నూటికి 5 వంతులే వెదజల్లితే అతని ప్రకాశం 0.06 మాత్రమే. 0.24 ముసుగులో 0.06ను వెదకడం కష్టం. 7లో వెదకడం అసాధ్యం. ఆ రాత్రి సైకిలు పెద్దాయన మాకు కనిపించకపోవడానికి కారణం ఈ రెండంకెలే.

ఇందులోనే మరొక సత్యం ఉన్నది. నేను బల్బు రెట్టింపు చేస్తే ఆ మనిషి ప్రకాశం 0.06నుంచి 0.12 అవుతుంది. ఎదుటివాడూ రెట్టింపు చేస్తే నా కంటిలో ముసుగూ రెట్టింపవుతుంది. రెండింటి నిష్పత్తి మొదట ఎంతో చివరకూ అంతే. అందరూ బల్బులు పెంచుకొంటూ పోతే ఎవరికీ చూపు పెరగదు, వైర్లు మాత్రం వేడెక్కుతవి.

నల్లరంగు శాస్త్రం

ఒకప్పుడు మన లారీలకు, కార్లకు హెడ్‌లైటు అద్దంమీద పైసగానికి నల్లరంగు పూసేవారు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో రోడ్డు భద్రత కార్యక్రమాలలో అద్దంమీద నల్ల స్టిక్కరు అంటిస్తూ ఉంటారు. ఉద్దేశం మంచిది. శాస్త్రం మాత్రం సరిపోదు.

కుంభాకార కటకాన్ని సగం నల్లకాగితంతో మూస్తే ప్రతిబింబం సగమే వస్తుందా? ఈ ప్రశ్న ప్రతి సంవత్సరం తరగతిలో అడుగుతాం. ప్రతిబింబం పూర్తిగానే వస్తుంది, మసకగా మాత్రం ఉంటుంది. హెడ్‌లైటు సంగతీ అంతే. ఫుల్ లైటులో దర్పణపు ప్రతి భాగమూ కాంతిని ముందుకే పంపుతుంది. పైసగం మూసినంతమాత్రాన పుంజపు పైసగం పోదు.

డిమ్ లైటులో ఇది ఇంకా అనర్థం. డిమ్‌లో పనిచేసేది దర్పణపు పైసగమే అని ఇంతకుముందే చూశాం. ఆ పైసగం ముందు రంగు పూస్తే, రోడ్డుమీద పడవలసిన సురక్షితమైన కాంతినే మనం చంపుతున్నాం. కళ్లు జిగేలుమనిపించే ఫుల్ లైటులో సగం అట్లాగే మిగులుతుంది. డిమ్ చాలని డ్రైవరు ఏం చేస్తాడు? ఫుల్ లైటు వేసుకొని పోతాడు. దేనిని ఆపుదామని రంగు పూశామో దానినే ప్రోత్సహించినట్లయింది. అద్దం మధ్యలో పెట్టే నల్లచుక్క పాత దీపాలలో బల్బునుంచి నేరుగా వచ్చే కాంతిని ఆపడానికి కొంత ఉపయోగపడి ఉండవచ్చును. హెచ్4 బల్బు కొనకే ఆ నల్లటోపీ ఉన్నది కనుక ఇప్పుడు ఆ చుక్కకు పనిలేదు.

చట్టం ఏమంటుంది

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం కాంతిని కిందికి దించడం గురించినది. దీపానికి 8 మీటర్ల ముందు, వాహనపు కుడి అంచుకు అరమీటరు కుడిగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను ఉన్న మనిషికి దీపం కళ్లు చెదిరించరాదని దాని సారాంశం. నియమం అవసరమే. ఐతే శాస్త్రదృష్టితో చూస్తే దీనిలో ఒక లోటు కనబడుతుంది. 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న దీపంనుంచి ఆ బిందువుకు కోణం ఎంత? 8 మీటర్లకు 80 సెంటీమీటర్లు, అంటే 5.7 డిగ్రీలు పైకి. కాని 50 మీటర్ల దూరంలో 120 సెంటీమీటర్ల ఎత్తున కూర్చున్న డ్రైవరు కంటికి కోణం అరడిగ్రీకి కొద్దిగా ఎక్కువ, 0.57 డిగ్రీ. దీపం రెండు డిగ్రీలు పైకెత్తి ఉన్నా 8 మీటర్ల పరీక్షలో నెగ్గవచ్చును, రోడ్డుమీద మాత్రం ప్రతివానినీ గుడ్డివాణ్ణి చేస్తుంది. హెడ్‌లైట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణాలలో ఈ 0.57 డిగ్రీ బిందువును ప్రత్యేకంగా పరీక్షిస్తారు. కర్మాగారంలో ఈ సూక్ష్మపరీక్ష, రోడ్డుమీదికి వచ్చాక ముతక నియమం. ఈ రెండింటి మధ్యనున్న ఖాళీలోనే పెద్ద బల్బుల వ్యాపారం సాగుతున్నది.

హెచ్4 బల్బుకు అంగీకరించిన పరిమితి 12 వోల్టులలో 60/55 వాట్లు. కాంతి 13.2 వోల్టులవద్ద ఫుల్‌కు 1650, డిమ్‌కు 1000 లూమెన్లు, అటూఇటూ నూటికి 15. అంతకు మించినవి దుకాణంలో దొరకడం వేరు, రోడ్డుమీద వాడవచ్చునన్నది వేరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో మార్చి రాసిన 182ఏ సెక్షను ప్రకారం, విడిభాగాలను అనుమతి లేనివిధంగా మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలలవరకు జైలు, లేక రెండూ విధించవచ్చును. పోలీసు పట్టుకోకపోయినా భౌతికశాస్త్రం పట్టుకొంటుంది. 90 వాట్ల తంతువు 55 వాట్ల దానికి 1.64 రెట్లు విద్యుత్తు లాగుతుంది. వైర్లలో వేడి దాని వర్గాన్ని అనుసరించి 2.7 రెట్లు పెరుగుతుంది. మావాని కారులో నెలతిరక్కుండా బల్బు హోల్డరు కరిగిపోయింది.

ఎల్ఇడి సంగతి, డబ్బామీది శాతాల సంగతి

హేలోజన్ బల్బు తీసి అదే దీపంలో ఎల్ఇడి పెట్టడం ఇప్పుడు పరిపాటి అయింది. ఎల్ఇడి స్వతహాగా మంచి దీపమే. తనకోసం చేసిన దర్పణంలో, కటకంలో అది చక్కగా పనిచేస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఈ దర్పణం కొన్ని మిల్లీమీటర్ల పొడవుండి చుట్టూ వెలిగే తంతువుకోసం లెక్కకట్టి చేసినది. రెండు పక్కలకు మాత్రమే వెలిగే చదునైన ముక్కను అక్కడ పెడితే ఇంతకుముందు చెప్పిన ఒక మిల్లీమీటరు లెక్క మళ్లీ ముందుకు వస్తుంది. జర్మనీలో 2020లో ఇటువంటి ఎల్ఇడి బల్బుకు మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు కూడా అన్ని కార్లకూ ఇవ్వలేదు. పరీక్షించి చూసిన నిర్ణీత నమూనాలకే ఇచ్చారు. బల్బును ఒంటరిగా మెచ్చుకోరాదు, దీపంతో కలిపి పరీక్షించాలన్న సూత్రం ఇందులో ఉన్నది.

60/55 వాట్లలోనే "నూటికి 130 ఎక్కువ వెలుగు" అనే బల్బులు కూడా వస్తవి. మొత్తం లూమెన్లకు పైపరిమితి ఉన్నప్పుడు ఇంత ఎక్కువ ఎట్లా సాధ్యం? అది మొత్తం కాంతి గురించిన మాట కాదు. పుంజంలో ఎన్నుకొన్న బిందువులవద్ద, చట్టం కోరే కనీసంతో పోల్చి చెప్పిన మాట. తంతువును బిగువుగా, మరింత వేడిగా చేయడంవల్ల ఇది కొంత సాధ్యమే, కాని బల్బు ఆయుర్దాయం తగ్గుతుంది. నీలిపూత పూసిన బల్బులు మరీ విచిత్రం: అవి ఉన్న కాంతిలో కొంత మింగి, తెల్లదనం అనే భ్రమను అమ్ముతవి.

చట్టబద్ధంగా వెలుగు పెంచడం

ఇంతకూ ఉపాయం లేదా? ఉన్నది, చాలావరకు చవకగానే.

మొదటిది వోల్టేజి. హేలోజన్ తంతువు కాంతి వోల్టేజి 3.4వ ఘాతాన్ని అనుసరించి మారుతుంది. పాత కారులో సన్నని వైర్లు, తుప్పుపట్టిన ఎర్తు, అరిగిన స్విచ్చి కలిసి 1.2 వోల్టులు మింగితే, 13.2 బదులు 12 మాత్రమే బల్బుకు చేరుతుంది. అప్పుడు కాంతి నూటికి 72 వంతులే. మంచి వైరు, ఒక రిలే వేసి ఆ నష్టం తీసివేస్తే అదే 55 వాట్ల బల్బు అంతకుముందుకంటె నూటికి 38 వంతులు ఎక్కువ వెలుగు ఇస్తుంది. ఎదుటివాని కంటికి పోయే కాంతి పరిమితి దాటదు. ఎందుకంటే దీపాన్ని ఆ వోల్టేజికే పరీక్షించారు.

రెండవది అద్దం. ప్లాస్టిక్ అద్దాలు మన సీమ ఎండకు పసుపెక్కి గరుకుబారుతవి. దానిమీద ముగ్గురాయి దుమ్ము. గోళంలో కాంతిని వెదజల్లడానికి ఏ తెల్లని పొడిని పూస్తారో, అదే పదార్థపు పొడిని హెడ్‌లైటుమీద ఉంచుకొని దారి కనబడలేదని అనుకొంటాం! దుమ్ము కాంతిని అటూఇటూ చెదరగొట్టి గీతను చెరిపేస్తుంది. నీళ్లతో తడిగుడ్డతో కడగడానికి రెండు నిమిషాలు చాలు. ముందరి గాజు లోపలివైపు కూడా తుడవాలి.

మూడవది గురి. వెనక సీట్లో మనుషులను, డిక్కీలో మూటలను ఎక్కిస్తే కారు వెనకభాగం 5 సెంటీమీటర్లు దిగిందనుకొందాం. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లయితే కారు నూటికి 2 వంతులు పైకి తిరుగుతుంది. ఒక వంతు కిందికి దించిన గీత ఒక వంతు పైకి లేస్తుంది. 50 మీటర్ల వద్ద అది 120 సెంటీమీటర్ల ఎత్తు. సరిగా ఎదుటివాని కన్ను! అనేక కార్లలో డాష్‌బోర్డుమీద లైటును దించే చిన్న చక్రం ఉంటుంది. అది ఎందుకున్నదో తెలిసినవారు తక్కువ.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

సాయంకాలం చీకటిపడిన తరువాత సమతలమైన నేలమీద, పాఠశాల గోడకు 10 మీటర్ల దూరంలో ఒక కారును నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి. దీపపు మధ్యబిందువు ఎత్తును కొలిచి గోడమీద సుద్దతో అడ్డగీత గీయండి. దానికి 10 సెంటీమీటర్ల కింద మరొక గీత గీయండి. డిమ్ వేస్తే వెలుగు అంచు రెండవ గీతమీద పడాలి, ఎడమకు వాలుగా లేవాలి. ఇప్పుడు వెనక సీట్లో ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టండి. గీత లేవడం అందరికీ కనిపిస్తుంది. తరువాత అద్దం పైసగాన్ని క్షణకాలం అట్టతో మూసి డిమ్, ఫుల్ రెండూ చూపండి. నల్లరంగు గురించిన చర్చ అక్కడే ముగుస్తుంది. పిల్లలు దీపంలోకి నేరుగా చూడకుండా, గోడనే చూసేటట్లు ఉపాధ్యాయులు జాగ్రత్తపడాలి.

ఉపాధ్యాయులకు మనవి

పుటాకార దర్పణపు ఉపయోగాలు చెప్పేటప్పుడు హెడ్‌లైటువద్ద ఒక నిమిషం ఆగండి. నాభివద్ద దీపం ఉంటే సమాంతర పుంజం, నాభికి ముందు ఉంచి కింద అడ్డుపెడితే రోడ్డుకు దిగే పుంజం అని రెండు బొమ్మలూ నల్లబల్లమీద గీయండి. మొదటి బొమ్మ ఒక్కటే చూసిన విద్యార్థి రేపు వాహనం కొన్నప్పుడు "ఇంకా పెద్ద బల్బు ఉందా?" అని అడుగుతాడు. రెండవది కూడా చూసినవాడు "గీత సరిగా ఉందా?" అని అడుగుతాడు. లారీల వెనక రాత్రివేళ డిప్పరు వాడమని రాసి ఉండటం మనం రోజూ చదువుతాం. దాని వెనకనున్న కిరణచిత్రం మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా బావమరిది కరిగిన హోల్డరుతోపాటు ఆ బల్బులనూ తీసివేశాడు. రిలే వేయించి, అద్దాలు రుద్దించి, మా కాలేజీ గోడముందు గీత సరిచేసుకొన్నాడు. మళ్లీ అదే దారిలో ఒక రాత్రి ఇద్దరం వచ్చాం. ఎదురు లారీలు మామూలుగా దాటిపోయినవి. స్పీడోమీటరు ముల్లు 60 దాటలేదు. రోడ్డు ఎడమ అంచున గొర్రెలు తోలుకొంటూ పోతున్న మనిషిని ఆమడదూరంనుంచి కాకపోయినా, ఆగడానికి చాలినంత దూరంనుంచే చూశాం.